దొర స్తంభాన్ని కదిపిన వారం

తల్లి గర్భంలోనే నన్ను ఎరిగిన దేవునికి స్తోత్రం. నేను దాచినదాన్ని చూసి కూడా నన్ను విసిరేయని ఆయన ఓర్పుకు స్తోత్రం. ముప్పై మూడేళ్లు ఎండలో, వానలో, తారు పొగలో నా ఊపిరి నిలిపి, పింఛను తీసుకునే వయసుదాకా నడిపించిన ఆయన నామానికి మహిమ కలుగును గాక.

వర్క్ ఇన్‌స్పెక్టర్లుగా, సైటు ఇంజనీర్లుగా కొత్తగా చేరిన తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. రిటైరైనవాళ్ల జ్ఞాపకాల్లో మామూలుగా కట్టిన వంతెనలుంటాయి, తుపానులో చేసిన సాహసాలుంటాయి, చివర్లో శాలువా ఉంటుంది. నాకూ శాలువా కప్పారు. ఆ రోజు ఒక అధికారి లేచి, "ఈయన చేతిలో ఒక్క కొలత తప్పలేదు" అన్నాడు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

తప్పిన కొలత ఒకటుంది. పది అంగలు. దాని సంగతి చెబుతాను.

రెండువేల పది తర్వాత అయిదారేళ్లకు జరిగింది. అప్పుడు నేను కోటబొమ్మాళిలో స్టేషన్ దగ్గర అద్దెకుండేవాణ్ణి. మోటారు సైకిల్ మీద సైట్లు తిరిగేవాణ్ణి. భావనపాడు దాటాక తీరం వెంట ఒక చిన్న పల్లె ఉంది. పేరు రాయను. ఆ పల్లె నుంచి తుపాను షెల్టరుదాకా ఇసుక మీద ఒక చిన్న రోడ్డు వేయాలి. కాగితం మీద చాలా సులువైన పని. కానీ రోడ్డు వెళ్లాల్సిన చోట, సరిగ్గా మధ్యలో, దొర స్తంభం ఉంది.

నడుము ఎత్తు ఇటుక దిమ్మ మీద మనిషంత రాతి స్తంభం. విక్టోరియా రాణి కాలంలో ఆవిడ నౌకాదళంలో పనిచేసిన ఒక యువ అధికారి జ్ఞాపకార్థం అతని తోటివాళ్లు నిలబెట్టినది. దాని కింద శవం లేదు. దొర సముద్రంలో పోయాడు, దొరకలేదు. పల్లెవాళ్లు ప్రతి ఏటా చేపల వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ నీళ్లలోకి దింపే ముందు ఆ స్తంభానికి దట్టంగా సున్నం కొట్టేవారు. పసుపు పూసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కాస్త కల్లు పోసి, ఒక చుట్ట వెలిగించి దిమ్మ మీద పెట్టేవారు. ఏళ్ల తరబడి సున్నం పేరుకుని అక్షరాలు పూడిపోయాయి. పై నాలుగు వరసలు నేను తాళంచెవితో గీకి చదివాను. పేరు, హోదా, ఓడ పేరు, ఇరవై తొమ్మిదేళ్ల వయసు. పేరు ముందు ఒక చిన్న సిలువ గుర్తు ఉంది.

ఆ సిలువ చూడగానే నాలో రోషం లేచింది. నేను మా చర్చి సంఘంలో పెద్దను. మా నాన్న వాక్యం బోధించినవాడు. నాకు చదువొచ్చిన మొదటి పుస్తకం పరిశుద్ధ గ్రంథమే. ఒక క్రైస్తవుడి జ్ఞాపకానికి కల్లూ చుట్టా ఏమిటి? మోషే చేయించిన ఇత్తడి సర్పానికి జనం ధూపం వేస్తుంటే దాన్ని ముక్కలు చేయించిన రాజు నాకు గుర్తొచ్చాడు. నన్ను నేను ఆ రాజు పక్కన నిలబెట్టుకున్నాను. చేతిలో టేపు, జేబులో రోడ్డు ప్లాను. ముక్కలు చేయనక్కర్లేదు, మర్యాదగా తీసుకెళ్లి మా మందిరం ఆవరణలో నిలబెడదాం అనుకున్నాను. మందిరం అక్కడికి ఆరేడు కిలోమీటర్లు. మా అయ్యగారు, అంటే పాస్టరు గారు, సంతోషంగా ఒప్పుకున్నారు. ఆదివారం ప్రత్యేక కూడిక పెట్టారు. కార్డులు అచ్చు వేయించారు. వాటి మీద ప్రసంగీకుడి పేరు నాదే. ఈ చివరి మాట మొదటే రాయాల్సింది.

మా అసిస్టెంట్ ఇంజనీరు విజయనగరంలో బట్టల వ్యాపారం చేసే ఇంటివాడు, నాకంటే పాతికేళ్లు చిన్న. నన్ను గురువు గారూ అనేవాడు. సగం గౌరవం, సగం వేళాకోళం. ఫోన్లో అడిగాడు.

"గురువు గారూ, ఆ రాయి జోలికి పోకుండా రోడ్డుని కొంచెం వంచీద్దామా? ఎవరికీ గొడవుండదు."

"వంచితే మలుపు బాగోదు సార్."

"మలుపు బాగోదా, మీ ఆదివారం బాగోదా?" నవ్వాడు. "సరే. వేటకెళ్లేవాళ్లని అడిగారా?"

"అడిగాను సార్. పల్లె పెద్దలు సంతకాలు కూడా పెట్టారు."

సంతకాలు పెట్టిన మాట నిజం. పెట్టినవాళ్లకి ఊరి బయట పెద్ద రోడ్డు మీద కొట్లున్నాయి. వాళ్లలో ఒక్కడూ పడవెక్కి ఇరవై ఏళ్లలో సముద్రం మీదికి వెళ్లలేదు. అడిగాను అన్నది అబద్ధం. వేటకెళ్లేవాళ్లలో ఒకే ఒక్కడు నా దగ్గరికి వచ్చాడు, అది కూడా నేను పిలిస్తే కాదు.

ఆయన తండేలు. పడవకి పెద్ద, చుక్కాని పట్టేవాడు. అరవై దాటాయి. వెంట ఆయన భార్య, నోట్లో అడ్డచుట్ట, అంటే నిప్పు వైపు లోపలికి పెట్టి పీల్చే చుట్ట. నేను టేపు పట్టుకుని ఉన్నాను.

"ఏటి ఇనిస్పెట్రు బాబూ, దొరని ఎత్తుకుపోతారంట?"

"ఎత్తుకుపోవడం కాదయ్యా. గౌరవంగా మందిరంలో పెడతాం. ఇక్కడ మీరు కల్లు పోసి, చుట్ట పెట్టి ఆయన పరువు తీస్తున్నారు."

"సుట్ట నాను ఎట్టనేదు బాబూ, ఇదే ఎట్టింది. దొరకి సలేస్తాదని దీని బాధ."

ఆమె చుట్ట తీసి, "మరి నీకు ఎట్టనేదేటి మావా? నీకు రోజూ ఎడతన్నాను. దొరకి ఏడాదికొక్కటే గదా" అంది.

నవ్వకూడదని గట్టిగా అనుకున్నాను. ఇద్దరినీ నిలబెట్టి ఇత్తడి సర్పం కథ మొత్తం చెప్పాను. తండేలు ఇసుకలో గొంతుక్కూర్చుని చివరిదాకా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయిపోయాక లేచి పంచె దులుపుకున్నాడు.

"పాము కథ బాగున్నాది బాబూ. ఇప్పుడు ఒక్కపాలి నాతో పడవెక్కండి. నీటి మీంచి దొరని సూడండి. సూసినాక మీరేటి సెప్తే అది."

"నాకు పనుంది. ప్రసంగం రాసుకోవాలి" అన్నాను.

నిజానికి నాకు సముద్రమంటే భయం. ఆ మాట చెప్పినా బాగుండేది. ఆయన భుజం మీద చెయ్యేసి ఎక్కించుకునేవాడు.

బుధవారం ట్రాక్టరు తెప్పించి, గొలుసు కట్టి స్తంభాన్ని ఎత్తించాను. ఇటుక దిమ్మను పగలగొట్టించాను. పల్లెవాళ్లు దూరంగా నిలబడి చూశారు. ఎవరూ గొడవ చేయలేదు. గురువారం నేను వెళ్లేసరికి దిమ్మ ఉన్న చోట ఒక పొడవాటి వెదురు బొంగు పాతి ఉంది. దాని కొసన పసుపు గుడ్డ. రాయి పోతే కర్రని పూజించడం మొదలుపెట్టారు అనుకుని తల పట్టుకున్నాను.

శుక్రవారం సాయంత్రం మందిరం ఆవరణలో స్తంభాన్ని శుభ్రం చేయడానికి కూర్చున్నాను. ఇనప బ్రష్షు, ఒక బకెట్టు నీళ్లు. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. సిలువ బయటపడింది, పేరు బయటపడింది. ఆ కింద నేను అంతవరకూ చదవని వరసలు వచ్చాయి. దొర ఈ తీరం వెంట నీటి లోతులు కొలిచే పనిలో ఉన్నాడట. గట్టుకు వస్తూ ఉండగా కెరటాల్లో పడవ తిరగబడి పోయాడట. చివరి మూడు వరసల్లో ఉన్నది ఇది: తన తర్వాత ఈ ఒడ్డుకు వచ్చేవారందరూ క్షేమంగా చేరేలా, సముద్రం మీంచి కనబడే చోట, ఆయన తోటివారు దీన్ని నిలబెట్టారు.

బ్రష్షు పక్కన పెట్టాను. ఇంగ్లీషు నాకు బాగానే వచ్చు. అర్థం కాలేదని ఎవరితోనూ చెప్పలేను, దేవునితో అసలే చెప్పలేను. తెల్లగా సున్నం ఎందుకు కొడతారో, పడవెక్కి చూడమని తండేలు ఎందుకన్నాడో, కర్ర ఎందుకు పాతారో ఒక్కసారిగా తెలిసింది.

తర్వాత ఆయనే నాకు విడమరిచి చెప్పాడు. మీకూ చెబుతాను, కష్టమేమీ కాదు. ఒడ్డుకు కొంత దూరంలో నీటి కింద ఇసుక మేట ఉంది. దాని మీద కెరటాలు విరిగి పడవల్ని తిరగేస్తాయి. ఆ మేటలో ఒక్కచోట గండి ఉంది, అక్కడ నీళ్లు లోతు. సముద్రం మీంచి చూస్తే ముందు దొర స్తంభం, దాని వెనక మెట్ట మీద పాత ఉప్పు కొఠారు గోడ మొన కనబడతాయి. ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి కలిసినప్పుడు పడవ గండికి ఎదురుగా ఉన్నట్టు. అలాగే నేరుగా వచ్చేయాలి. విడిపోతే దారి తప్పినట్టు.

ఆ శుక్రవారం ఇంత వివరంగా తెలియదు. కానీ ఆగడానికి సరిపడా తెలిసింది. ఒక ఫోను చేస్తే చాలు, మర్నాడు పని ఆగేది. అయితే కార్డులు పంచేశాం. అయ్యగారు పక్క సంఘాల వాళ్లని కూడా పిలిచారు. ఆదివారం కానిచ్చి, సోమవారం చూద్దాం అనుకున్నాను. చివరి మూడు వరసల మీదికి వచ్చేలా పెద్ద బంతిపూల దండ ఒకటి పురమాయించాను.

శనివారం ఉదయం పది గంటలకు సైటులోకి రోలరు వస్తుంది. బొంగు రోడ్డు మధ్యలో ఉంది. కూలీలు టీకి వెళ్లారు. పీకి పారేద్దాం అనుకున్నాను. రాత్రంతా మనసు గీరుతూనే ఉంది కాబట్టి పారేయలేకపోయాను. పీకి, ఉత్తరం వైపు పది అంగలు కొలిచి, రోడ్డు అంచు బయట మళ్లీ పాతాను. రాయితో కొట్టి గట్టిగా దిగేశాను. వాళ్ల గుర్తు వాళ్లకు ఉంచాను, నా రోడ్డు నాకు వచ్చింది, ఇద్దరికీ న్యాయం చేశాను అని తృప్తిపడ్డాను.

మిగతా ఆడవాళ్లు దిగువన నీళ్ల దగ్గర గంపలతో కూర్చున్నారు. తండేలు భార్య ఒక్కతే గట్టు మీదికి వచ్చింది. నన్ను చూసి పరుగెత్తింది.

"బాబూ, బాబూ! పడవలింకా రానేదు. ఆ బొంగు ఎందుకు కదిపినారు?"

"కదపకపోతే రోలరు ఎలా వెళ్తుందమ్మా? పారేయలేదుగా. పక్కనే పాతాను."

"పక్కనేటి బాబూ! ఉంటే ఉన్నకాడ ఉండాల, నేకపోతే మొత్తం తీసీండి. పక్కన మాత్రం వద్దు."

ఏం కావాలో ఈమెకే తెలియదు అనుకున్నాను. ఇంతకంటే తెలివైన మాట నా ఉద్యోగంలో ఏ ఇంజనీరు నోటా వినలేదని ఇప్పుడు తెలుస్తోంది. గుర్తు లేకపోతే తండేలు నీటి మీదే ఆగి, కెరటాలు చూసి, నెమ్మదిగా వచ్చేవాడు. గుర్తు ఉంది కాబట్టి నమ్మి వచ్చాడు.

ఆమె బొంగు పట్టుకుని లాగింది. ఊడలేదు. సముద్రం వైపు చూసింది. తండేలు పడవ అప్పటికే వచ్చేస్తోంది. బొంగు వదిలేసి రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ నీళ్ల వైపు పరుగెత్తింది. పడవలో అయిదుగురు. ఇంజను హోరులో ఏం వినబడుతుంది? నా కళ్ల ముందే పడవ ముందుభాగం పైకి లేచింది, పక్కకు ఒరిగింది, తెల్లటి నురగలో బోర్లా పడింది.

ఒడ్డున ఉన్నవాళ్లంతా నీళ్లలోకి పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. నాలుగంగలు వేసి ఆగిపోయాను. వెనక్కి వచ్చి బొంగు పట్టుకుని లాగాను. ఆమెకు ఊడని బొంగు నాకు ఊడింది. భయానికి అంత బలం ఉంటుంది. తీసుకెళ్లి మొదటి గోతిలో, దిమ్మ ఉన్న చోటే పాతాను. పక్క గోతిని చెప్పుతో ఇసుక తోసి పూడ్చాను.

తమ్ముళ్లారా, చేతులు వాటంతట అవే చేశాయి అని రాస్తే నమ్ముతారేమో. చేతులు కాదు. ప్లాను ప్రకారం ఆలోచించే నా బుర్రే చేసింది. మనుషులు నీళ్లలో ఉండగా, వాళ్లు బతుకుతారో లేదో తెలియకముందే చేసింది.

దేవుని దయ వల్ల అయిదుగురూ బతికారు. తండేలు కాలు ఇంజను కింద పడి మోకాలి దగ్గర నలిగిపోయింది. మంచం మీద మోసుకుని నా పక్కనుంచే తీసుకెళ్లారు. భార్య మంచం పట్టుకుని నడుస్తోంది. బొంగు వైపు చూసింది. పూడ్చిన గోతి వైపు చూసింది. నా వైపు చూసింది. మంచంతో పాటు నడిచిపోయింది. 

మర్నాడు ఆదివారం. తెల్ల చొక్కా వేసుకుని స్తంభం పక్కన నిలబడి, చీకటిలో దాచినది ఏదీ బయటపడకుండా ఉండదని ముప్పావు గంట ప్రసంగించాను. బంతిపూల దండ సరిగ్గా కూర్చుంది. ఒక పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. అయ్యగారు నా చెయ్యి పట్టుకుని, "బ్రదర్, ఈ రోజు పరిశుద్ధాత్ముడు మిమ్మల్ని వాడుకున్నాడు" అన్నారు. ఆ మాట విన్న చెవులతోనే ఇప్పటికీ వాక్యం వింటున్నాను.

పల్లెలో పంచాయితీ పెట్టారు. మగవాళ్లంతా బొంగు దగ్గరికి వెళ్లి చూశారు. ఉండాల్సిన చోటే ఉంది. ఆ రోజు పడవలో మిగతా నలుగురు వలలు సర్దుతూ ఉన్నారు, ఒడ్డు వైపు చూసేది తండేలు ఒక్కడే. భార్య మొత్తుకుంది, ఇనిస్పెట్రు కదిపాడు, నేను చూశాను అని. "మొగుణ్ణి కాపాడుకోవడానికి అంటన్నాది" అన్నారు. నన్ను అడిగారు. నేను, "బొంగు పాతింది మీరే కదా, ఇప్పుడూ ఆ చోటే ఉంది కదా" అన్నాను. ప్రతి మాటా నిజమే. కలిపితే అబద్ధం.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో కాలు చూసినవాళ్లే కళ్లు కూడా చూసి, కొంచెం పొర ఉంది అన్నారు. ఆ వయసులో ఎవరికి ఉండదు? పల్లెకి ఆ ఒక్క మాట చాలింది. తండేలుకి చూపు ఆనడం లేదు, అయిదుగురి ప్రాణం మీదికి తెచ్చాడు అని తేల్చారు. చుక్కాని వేరొకడికి ఇచ్చారు. నలభై ఏళ్లు ఆ పల్లెలో సముద్రం సంగతి ఏదైనా ఆయన్నే అడిగేవారు. ఇక అడగడం మానేశారు.

నేను రోడ్డు పూర్తి చేశాను. బిల్లు పెట్టాను. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకున్నాను. సహోదరుడికి నీ మీద ఏదైనా విరోధం ఉంటే బలిపీఠం దగ్గరే నీ అర్పణ వదిలి, ముందు వెళ్లి అతనితో సమాధానపడమన్న ఆజ్ఞ నాకు కంఠతా వచ్చు. పిల్లలకు నేర్పినవాణ్ణి కూడా. తొమ్మిది నెలలు అలా గడిచాయి.

జూన్ వచ్చింది. వేట నిషేధం ముగిసే వారం. ఒక ఉదయం నేను మందిరంలో కుర్చీలు సర్దుతుంటే బయట కాపలాదారు ఎవరినో కసురుతున్నాడు. వెళ్లి చూస్తే తండేలు భార్య. ఆటోలో వచ్చింది. చేతిలో సున్నం బకెట్టు, కొబ్బరి పీచు కుంచె.

"ఏమ్మా, ఎందుకు వచ్చావు?"

"దొరకి సున్నం కొట్టడానికొచ్చినాను. ఏటా మా ఇంటోళ్లే కొడతారు. ఆయన నడవనేడు, నాను రాకపోతే ఎవులొస్తారు?"

"ఇక్కడ సున్నం కొడితే ఎవరికి కనబడుతుందమ్మా?"

అనేశాక నా నోటిని నేనే పట్టుకోవాలనిపించింది. ఆమె బకెట్టు కింద పెట్టింది. నా ముఖంలోకి చూసింది.

"అయితే మీకు తెల్సు" అంది. "దొర ఎందుకున్నాడో మీకు తెల్సు."

నేను కాపలాదారుని లోపలికి పంపేశాను.

"నాను తిట్టడానికి రానేదు బాబూ. తిట్టి తిట్టి మా వీధిలో నా నోరు పడిపోయింది. ఆ రోజు మీరు సేసింది ఇద్దరమే సూసినాం. నా మాట ఎవడూ నమ్మడు. నమ్మకపోతే పోనీ. కానీ మా మావ కూడా నమ్మడు బాబూ. నువ్వు నా మీద పేనం కొద్దీ సెప్తన్నావే, నా కళ్లే పోయినాయి అంటాడు. గుమ్మంలో కూకుని ఎదర కొబ్బరిసెట్టుని ఒక కన్నుతో సూస్తాడు, రెండో కన్నుతో సూస్తాడు. రోజంతా అదే పని. కాలు పోయినందుకు ఏడవనేదు. తన కళ్లని తనే నమ్మటం నేదు, అది సూడనేకపోతన్నాను."

కాలు గురించి నేను ఎన్నోసార్లు మోకరించాను. కళ్ల సంగతి నాకు తెలియదు. ఒక మనిషికి చూపు ఉండగానే దాన్ని నేను తీసేసుకున్నాను, నా దగ్గరే తొమ్మిది నెలలు ఉంచుకున్నాను.

ఆమెను నా బండి మీద ఎక్కించుకుని పల్లెకు వెళ్లాను. సున్నం బకెట్టు ఆమె ఒళ్లో. 

ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. చంకకర్ర పక్కన గోడకు ఆనించి ఉంది. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు వలలు బాగు చేసుకుంటున్నారు. నన్ను చూసి లేవబోయాడు. ఆ లేవబోవడం చూసి నేను కింద కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో ఎన్ని రకాలుగా అనుకున్నానో అన్నీ పోయాయి.

"తండేలు గారూ, ఆ రోజు బొంగు నేను కదిపాను. మీ పడవ తిరగబడ్డాక మళ్లీ తెచ్చి మొదటి చోట పాతాను. ఆమె చెప్పిందంతా నిజం."

వల అల్లేవాళ్ల చేతులు ఆగిపోయాయి. ఆయన నా వైపు కోపంగా చూస్తాడనుకున్నాను. చూడలేదు. తల కాస్త వంచి, చెవి పెట్టి విన్నట్టు అడిగాడు.

"ఎన్ని అంగలు?"

"పది."

"ఏ పక్కకి?"

"ఉత్తరం పక్కకి."

కళ్లు మూసుకున్నాడు. వేళ్లతో గాలిలో ఏదో గీశాడు. ఒడ్డు, కొఠారు మొన, మేట, గండి. పెదాలు కదులుతున్నాయి. "ఒడ్డున పదంటే... మేట కాడ పాతిక" అన్నాడు. మళ్లీ లెక్కేసుకున్నాడు. కళ్లు తెరిచాడు. ఆయన ముఖం అంత వెలిగిపోవడం నేను భరించలేకపోయాను.

"ఒలే! అయితే పడవని నాను సక్కగానే తెచ్చినానే" అన్నాడు భార్యతో. "రెండూ కలిసినాయి. నాకు కలిసే అవుపడ్డాయి. సక్కగానే తెచ్చినాను."

"అదే గదా మావా తొమ్మిది నెలల్నుంచి సెప్తన్నాను" అని ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆయన నవ్వుతున్నాడు. నన్ను తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. ఆ క్షణంలో నేను ఆయనకు గుర్తే లేను. క్షమాపణ అడుగుదామని వెళ్లినవాణ్ణి, ఆ నవ్వు మధ్యలో ఆ మాట ఎత్తితే అది కూడా నా కోసమే అవుతుందని ఊరుకున్నాను. వల అల్లేవాళ్లలో ఒకడు లేచి ఆయన పక్కన కూర్చుని, "మావా, మమ్మల్ని తిట్టు" అన్నాడు. ఇంకొకడు నా వైపు ఉమ్మేసి వెళ్లిపోయాడు. ఇద్దరూ సరిగానే చేశారు.

ఆ వారమే పల్లె పంచాయితీలో నిలబడి అదే మాట చెప్పాను. ఆదివారం సంఘంలో చెప్పాను. దండ కింద దాచిన మూడు వరసలు బిగ్గరగా చదివి, తెలుగులో అర్థం చెప్పాను. స్తంభాన్ని తిరిగి పంపాలని అడిగితే కొందరు ఒప్పుకోలేదు. మందిరంలో ఉన్న రాయిని మళ్లీ పసుపు పూతకు పంపిస్తామా అన్నారు. అప్పుడు అయ్యగారు లేచారు. "అది మన ఎదుట నిలబెట్టమని ఆ దొర తోటివాళ్లు రాయలేదు" అని ఒక్కమాట అని కూర్చున్నారు. నన్ను పెద్దరికం నుంచి తప్పించమని నేనే అడిగాను. తప్పించారు.

మా అసిస్టెంట్ ఇంజనీరు అప్పటికే బదిలీ అయ్యాడు. ఫోను చేసి చెప్పాను. అంతా విన్నాడు. చివరికి, "గురువు గారూ, 'వేటకెళ్లేవాళ్లని అడిగారా' అని మిమ్మల్ని అడిగాను. 'వాళ్లలో ఎవర్ని అడిగారు' అని కూడా అడగాల్సింది" అన్నాడు. తన తప్పు కూడా ఉందని వెతుక్కున్నాడు, మంచివాడు.

పాత చోటు మీద ఇప్పుడు రోడ్డుంది. రాయిని ఎక్కడ పెట్టాలి? దానికి తండేలు నవ్వాడు. "అదే సోట అక్కర్నేదు బాబూ. ఆ గీత మీద ఎక్కడున్నా దొర దొరే. ముందుకెట్టండి, ఎనక్కెట్టండి. పక్కకి మాత్రం వద్దు." అంటే ఆ రోజు నేను బొంగును సముద్రం వైపు జరిపి ఉంటే చాలు. రోడ్డూ వచ్చేది, పడవా వచ్చేది. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తెలిసేది.

గీత తెలియాలంటే నీటి మీంచి చూడాలి. నలుగురు ఆయన్ని ఎత్తి పడవలో కూర్చోబెట్టారు. గండిలో పడవ ఆపారు. ఒడ్డున ఇసుకలో బొంగు పట్టుకుని నేను నిలబడ్డాను. అక్కడినుంచి ఆయన చెయ్యి ఊపితే నేను ఒక అంగ ఎడమకి. మళ్లీ ఊపితే అర అంగ కుడికి. గంటసేపు ఎండలో ఒక కుంటివాడి చెయ్యి చూస్తూ కదిలాను. నా ఉద్యోగంలో నేను అంత జాగ్రత్తగా తీసుకున్న కొలత మరొకటి లేదు. చివరికి ఆయన రెండు చేతులూ పైకెత్తాడు. ఆ చోటే స్తంభం నిలబెట్టాం. కొబ్బరికాయ కొట్టారు. నేను కొట్టలేదు, కొట్టవద్దని చెప్పలేదు.

ఆయన మళ్లీ చుక్కాని పట్టలేదు, కాలు సహకరించదు. కానీ పడవలు వెళ్లే ముందు గాలి సంగతి ఆయన్నే అడుగుతున్నారు. ఇది రాస్తున్న ఈ రోజుకీ అడుగుతున్నారు.

ఇది చదివిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీది ఏ సంఘమైనా, ఏ మతమైనా, ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. నన్ను క్షమించమని అడగడం నేను ఒక్కణ్ణే చేసుకుంటాను, అది మీ మీద వేయను. మీరు ఆయన కోసం అడగండి. దేవా, ఆ మనిషి తన కళ్లను తాను అనుమానించుకుంటూ గుమ్మంలో గడిపిన తొమ్మిది నెలలు మా దగ్గర లేవు, తిరిగి ఇవ్వలేం. నీ దగ్గర ఉంటే ఆయనకు ఇవ్వు. ఆమెన్.